సర్పి పుండ్లు మానినా మంట వదలకపోతే ఏం చేయాలి

పాలకొల్లులో 34 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఎవరి జాకెట్టు ఎక్కడ పట్టేస్తుందో చేత్తో తడిమి చెప్పగలను. అలాంటిది కిందటేడు మాఘమాసంలో నా జాకెట్టు నేనే వేసుకోలేకపోయాను. ఎడమవైపు రొమ్ము కింద మొదలై వీపు మీద వెన్నుపూస దాకా, సరిగ్గా జాకెట్టు అంచు ఆనే చోట, గుడ్డ తగిలితే చాలు నిప్పు కణిక పెట్టినట్టుండేది. అద్దంలో చూసుకుంటే పుండు లేదు, వాపు లేదు. గోధుమరంగు మచ్చలు మాత్రం వరసగా ఉన్నాయి.

అంతకు మూడు నెలల ముందు, మా ఊరి క్షీరారామం గుడి కార్తీకమాసం యాత్రికులతో కిటకిటలాడే రోజుల్లో, నాకు ఒంటి మీద సరిగ్గా ఆ చోటే సర్పి (డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు) లేచింది. పొక్కులు ఎండి, చెక్కులు రాలిపోయాయి. మంట మాత్రం ఉండిపోయింది. "పుండ్లు మానిపోయాయి కదా పిన్నీ, ఇంకా నొప్పేంటి?" అని కుట్టు కోసం వచ్చిన ప్రతివాళ్లూ అడిగేవారు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే దయచేసి ఆ మాట అనకండి. చర్మం మానడం వేరు, నరం మానడం వేరు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్, అంటే వేరిసెల్లా జోస్టర్, తగ్గాక కూడా ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మీద పడ్డాకో, ఒంట్లో శక్తి సన్నగిల్లినప్పుడో లేచి ఒక నరం వెంబడి పైకి వస్తుంది. అందుకే సర్పి ఒంటికి ఒకవైపే, పట్టీ కుట్టినట్టు వస్తుంది. ఆ నరం దెబ్బతింటే మెత్తని తాకిడిని కూడా మంట అని మెదడుకు కబురు పంపుతుంది. పొక్కులు వచ్చిన 90 రోజుల తర్వాత కూడా నొప్పి నిలిస్తే దాన్ని డాక్టర్లు పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. 60 దాటినవాళ్లకూ, మొదట్లోనే నొప్పి, పొక్కులు ఎక్కువగా ఉన్నవాళ్లకూ ఇది మిగిలే అవకాశం ఎక్కువ. ఈ మిగిలిన మంట అంటుకోదు. మనవల్ని దూరం పెట్టక్కర్లేదు.

నేను చేసిన తప్పు ముందే చెబుతాను. పొక్కులు లేవగానే పక్క ఊళ్లో సర్పికి మంత్రం వేసే ఆయన దగ్గరకు వెళ్లాను. ఎర్రమన్ను పూత పూశారు. పొక్కుల పట్టీ రెండు కొసలూ కలిస్తే ప్రాణానికి ముప్పని భయపెట్టారు కూడా. అలా ఐదు రోజులు పోయాయి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ లాంటి వైరస్ మందులు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. మీకో, మీవాళ్లకో ఇప్పుడే కొత్తగా పొక్కులు లేస్తుంటే ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. నుదుటి మీద, ముక్కు కొస మీద, కంటి దగ్గర లేస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. చూపు పోయే ప్రమాదం ఉంది.

ఇక మిగిలిపోయిన మంట సంగతి. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. నేను రెండు నెలలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగాను. కడుపు పాడైంది, మంట అలాగే ఉంది. చివరికి భీమవరంలో నరాల డాక్టరుకు చూపించుకున్నాను. దూది కొసతో నా వీపు మీద మెల్లగా రాసి, "ఇదెలా ఉందమ్మా?" అని అడిగారు. గరుకు కాగితంతో గీసినట్టుందన్నాను. ఆ ఒక్క మాటతో ఆయనకు అర్థమైపోయింది. మీరు కూడా "నొప్పి" అని ఊరుకోకండి. మంటా, కరెంటు షాకు కొట్టినట్టా, సూదులతో పొడిచినట్టా, గుడ్డ తగిలితేనా, ఊరికే కూర్చున్నా వస్తుందా, విడమరిచి చెప్పండి.

నాకు రాత్రిపూట నరాల నొప్పి మాత్ర ప్రీగాబాలిన్ 75 మి.గ్రా. ఇచ్చారు. రెండు వారాల తర్వాత పొద్దున కూడా ఒకటి కలిపారు. కొందరికి గాబాపెంటిన్ ఇస్తారు, కొందరికి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా.తో మొదలుపెడతారు. ఏదైనా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాల్సిందే. నాలుగు రోజులు వేసుకుని "తగ్గలేదు" అని మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. సరైన మోతాదుకు చేరాక కూడా కొన్ని వారాలు ఆగితేగానీ మందు గుణం తెలియదు. నొప్పి సగానికి తగ్గినా ఆ మందు పనిచేస్తున్నట్టే లెక్క అని డాక్టరు ముందే చెప్పారు. ఆ మాట నన్ను చాలా నిలబెట్టింది.

మొదటి వారం తూలు వచ్చింది. తెల్లవారుజామున లేచి నడవబోతే మిషను బల్ల పట్టుకుని నిలబడ్డాను. అందుకే మాత్ర వేసుకున్న రాత్రి మంచం పక్కన చిన్న లైటు ఉంచుకోండి. లేవగానే నడవకుండా కాసేపు కూర్చుని లేవండి, మత్తు ఉన్నన్నాళ్లు స్కూటరు తీయకండి. మద్యం, నిద్రమాత్రలు వీటితో కలపకూడదు. నెల తిరిగేసరికి మిషను తొక్కే నా పాదాలు ఉబ్బి, చెప్పు పట్టీ అచ్చు పడడం చూశాను. అది కూడా ప్రీగాబాలిన్ వల్ల కావచ్చట. డాక్టరుకు చెప్పాలి, మనంతట మనం మానకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ మోతాదు తగ్గించాలి. గుండె జబ్బు, కంట్లో నీటికాసులు (గ్లాకోమా), ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు అమిట్రిప్టిలిన్ రాయకముందే ఆ సంగతి చెప్పాలి. దాంతో నోరు ఎండుతుంది, విరేచనం బిగుస్తుంది. పలచటి మజ్జిగ, నీళ్లు ఎక్కువగా తాగండి.

నా కొలతల పుస్తకం వెనక పేజీల్లో రోజూ రాత్రి ఒక అంకె వేసేదాన్ని. పదికి ఎంత మంట, ఎన్ని గంటలు నిద్ర, అంతే. ఫాల్గుణంలో ఎనిమిదులు, తొమ్మిదులే. చైత్రం చివరికి ఆరు, ఐదు కనబడ్డాయి. రోజూ చూసుకుంటే తగ్గినట్టే అనిపించదు. పేజీలు తిప్పితే తెలుస్తుంది. డాక్టరు కూడా ఆ పుస్తకం చూసే మోతాదు మార్చారు.

గుడ్డ విషయంలో నేను నమ్మకంగా చెప్పగలను. గంజి పెట్టిన కాటన్ వద్దు, సింథటిక్ వద్దు, లేసు వద్దు. బాగా వాడి మెత్తబడిన పాత నేత చీర మంచిది. మా అమ్మ బండార్లంక చీర ఒకటి కత్తిరించి, లోపల వేసుకోవడానికి చేతుల్లేని చొక్కాలు నాలుగు కుట్టుకున్నాను. కుట్టు మడతలన్నీ పైకి వచ్చేలా తిరగేసి కుట్టాను. పక్క కుట్టు నొప్పి ఉన్న చోటు మీద పడకుండా ముందుకు జరిపాను. హుక్కులు మంట లేని వైపు పెట్టాను. కుట్టడం రాకపోతే మెత్తని బనియన్ తిరగేసి వేసుకోండి, లేబుల్ కత్తిరించేయండి. ఇంకో సంగతి, వదులు బట్ట హాయిగా ఉంటుందనుకుంటాం. నాకైతే వదులుగా ఊగే గుడ్డే ఎక్కువ మండించింది, కదలకుండా మెత్తగా అంటిపెట్టుకున్నది నయం. మీకు ఏది నప్పుతుందో రెండూ చూసుకోండి. ఫ్యాను గాలి తగిలినా మండేది. రోహిణి కార్తెలో మా గోదావరి ఉక్కపోతకు ఫ్యాను లేకుండా పడుకోలేం కదా. టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి, గాలి గోడకు తగిలి వచ్చేలా పెట్టుకున్నాను.

మంట ఒకేచోట ఉన్నవాళ్లకు లిడోకైన్ 5 శాతం ప్యాచ్ మంచి సాయం. అట్టపేపరు తీయకముందే కత్తెరతో కావలసిన ఆకారానికి కత్తిరించుకోవచ్చు. నేను పేపరు మీద నొప్పి ఉన్న చోటు గీసుకుని, పట్టీ కొలతకు కత్తిరించాను. 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేయాలి. పుండు, గీత ఉన్న చర్మం మీద అంటించకూడదు. చెమటకు ఊడిపోతుంది కాబట్టి స్నానం చేసి బాగా ఆరాకే అంటించండి. దాని మీద వేడి కాపడం పెట్టకూడదు. ఖరీదు ఎక్కువే, అందుకని నేను కుట్టుకు కూర్చునే రోజుల్లోనే వాడాను.

మిరపలో ఉండే కాప్సైసిన్‌తో చేసిన క్రీము కూడా ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు రాయాలి, మొదటి రోజుల్లో మంట పెరుగుతుంది. రాశాక చేతులు సబ్బుతో కడగకుండా కన్ను ముట్టుకోకండి. మిరపే కదా అని ఇంట్లో కారం నూరి రాయకండి, చర్మం కాలిపోతుంది. ఆకుపసర్లు, కిరోసిన్ వద్దు. కొన్నిచోట్ల మంట పుడుతూనే స్పర్శ తెలియదు. అక్కడ వేడినీళ్ల సంచి పెడితే బొబ్బ లేచేదాకా తెలియదు. చన్నీళ్లలో తడిపి పిండిన గుడ్డ కాసేపు వేస్తే నాకు ఉపశమనం ఉండేది. మాత్రలకూ, పూతలకూ లొంగకపోతే నరానికి ఇంజెక్షన్ లాంటి దారులు నొప్పి నిపుణుల దగ్గర ఉంటాయి.

మా ఆయనకు షింగ్రిక్స్ టీకా వేయించాం. మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. 50 దాటినవాళ్లకు రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఇది సర్పి రాకుండా కాపాడడానికి, ఉన్న మంటను తగ్గించడానికి కాదు.

నిన్నటి అంకె రెండు. డాక్టరు ఈ వారం నుంచి పొద్దుటి మాత్ర తీసేసి, రాత్రిది మాత్రం వేసుకోమన్నారు. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టక, ఆందోళన, చెమటలు వస్తాయట, అందుకే వారాల మీద దించుతున్నారు. నేత చొక్కాలు నాలుగూ ఉతికి పెట్టెలో పెట్టాను. పెళ్లిళ్ల కుట్టు పని మొదలైంది, మళ్లీ నా మిషను దగ్గరే ఉన్నాను.