ఆఖరి ఎపిసోడ్ మీద చర్చకు కూర్చుంటున్నారా? ఇలా చేయండి

ముందుగా ఒక హెచ్చరిక. ఉదాహరణ లేకుండా ఈ పద్ధతి చెప్పడం కుదరదు కాబట్టి జర్మన్ కాలప్రయాణ సిరీస్ ‘డార్క్’ ముగింపు మొత్తం ఇక్కడ విప్పేశాం. చూడనివాళ్లు ఇక్కడే ఆగి 26 ఎపిసోడ్లూ పూర్తి చేసి రండి. ‘లాస్ట్’, ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’, ‘క్వాంటమ్ లీప్’ ముగింపులు కూడా కొంత బయటపడతాయి.

సైన్స్ ఫిక్షన్ సిరీస్ ముగింపు గురించి మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఏం జరిగింది? దాని అర్థమేమిటి? బాగుందా? ఒకరు మొదటిది అడుగుతుంటే ఇంకొకరు మూడోదానికి జవాబు చెబుతుంటారు. అరగంటలో గొంతులు లేస్తాయి, విషయం మాత్రం మొదలైన చోటే ఉంటుంది. అందుకని మూడింటినీ విడదీసి, ఇదే వరసలో, ఒకటి ముగిశాకే ఇంకొకటి ఎత్తుకోవాలి. ఏం జరిగిందో తేలకుండా బాగుందో లేదో తేల్చడం అన్యాయం. విమానం కూలి దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ అయిన ‘లాస్ట్’కు జరిగింది అదే. 2010 మే 23న ఆఖరి ఎపిసోడ్ వచ్చాక ‘అందరూ మొదటి రోజే చచ్చిపోయారట’ అన్న మాట పాకిపోయింది. చర్చిలో తండ్రి పాత్ర కొడుకుతో చెప్పేది దానికి పూర్తి వ్యతిరేకం: కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు నీ తర్వాత ఎంతో కాలానికి పోయారు అంటాడు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు కనిపించిన విమాన శకలాల దృశ్యాలు ఆ అపోహను ఇంకా పెంచాయి. అవి కథలో భాగం కావు, ప్రసారం చేసిన చానల్ చేర్చినవి. ఆ ఎపిసోడ్‌ను తిట్టినవాళ్లలో చాలామంది అందులో లేని కథను తిట్టారు.

ఎంతమంది, ఎక్కడ, ఎప్పుడు

ఆరుగురు నుంచి ఎనిమిదిమంది చాలు. లెక్క సులువే: ఎనిమిదిమంది, మనిషికి 3 నిమిషాలు, రెండు విడతలు అంటే ఒక్క ప్రశ్నకే 48 నిమిషాలు. పన్నెండుమంది అయితే 72 నిమిషాలు, ఆ లోపు సగంమంది ఫోన్లలోకి వెళ్లిపోతారు.

విజయవాడలో బెంజి సర్కిల్ వైపు కాఫీ షాపులు ఈ పనికి పనికిరావు. పాటల మోతలో మెల్లగా మాట్లాడేవాళ్ల మాట వినబడదు, తరచూ సరైన పాయింటు పట్టుకునేది వాళ్లే. నది ఒడ్డున గాలికి కాగితాలు నిలవవు. ఎవరింట్లోనైనా హాలు మేలు. గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి చోట్ల తెలిసినవాళ్ల ట్యూషన్ గది ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటుందేమో అడగండి, బోర్డు కూడా దొరుకుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెట్టి ఏడులోపు ముగించండి. రెండు ఊళ్లకూ మధ్య 35 కిలోమీటర్లు ఉన్నా, రాత్రి ఆలస్యమైతే అవతలి ఊరి నుంచి వచ్చినవాళ్ల ధ్యాస బస్సు మీదికి పోతుంది.

ఆ రోజు దృశ్యాలు తెరమీద వేయాలనుకుంటే ముందురోజే ఒకసారి వేసి చూసుకోండి. పాత ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ తగిలిస్తే తరచూ మాట వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. కేబుల్ పాడైందనుకుని మార్చడానికి పరుగెత్తకండి. ఓటీటీ యాప్‌లు కాపీ రక్షణ లేని దారిలో బొమ్మ పంపవు, అంతే. హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు టీవీ చాలు. ఎండాకాలం కరెంటు పోయినా ఆగకూడదంటే టీవీతోపాటు వైఫై రూటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లలో ఫ్యాన్లూ లైట్లే ఉంటాయి.

ముందువారం చేయాల్సింది

అందరూ 26 ఎపిసోడ్లూ మళ్లీ చూడాలని పట్టుబడితే ఎవరూ రారు. ‘డార్క్’కు నాలుగు చాలు: మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్, రెండో సీజన్ ఎనిమిది, మూడో సీజన్ ఏడు, ఎనిమిది. దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మొదటి ఎపిసోడ్ వదిలేయకండి. ముగింపు తన మాట నిలబెట్టుకుందో లేదో తెలియాలంటే ఆ మాట ఎప్పుడు, ఎలా ఇచ్చారో గుర్తుండాలి.

అందరూ ఒకే ఆడియో, ఒకే సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి. జర్మన్ ఆడియోకి వచ్చే ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌కీ ఇంగ్లిష్ డబ్బింగ్‌లో పలికే మాటకీ తేడా ఉంటుంది. ఒక్క మాట పట్టుకుని పావుగంట కొట్టుకున్నాక ఇద్దరూ రెండు వేర్వేరు అనువాదాలు విన్నారని తేలితే అందరికీ నీరసం వస్తుంది. జర్మన్ ఆడియో పెట్టుకోమనే మా సలహా.

వంశవృక్షం మాత్రం తెలుగులోనే గీయండి. ఈ సిరీస్‌కు మన చుట్టరికపు పేర్లు సరిగ్గా సరిపోతాయి. ఇంగ్లిష్‌లో ‘ఆంటీ’ అంటే ఎవరి తరఫో తెలియదు. తెలుగులో నాయిక మార్తా నాయకుడు జోనాస్‌కు మేనత్త అని రాయగానే ఆమె అతని తండ్రి మికెల్‌కు అక్కో చెల్లో అని, అంటే చుట్టరికం నాన్న వైపుదని, ఒక్క మాటలో తెలిసిపోతుంది. ఉల్రిక్ జోనాస్‌కు తాత, నాన్న నాన్న. ఎలిజబెత్, షార్లెట్ మధ్య గీత దగ్గర ‘కూతురు’ అని ఒకవైపు, ‘తల్లి’ అని రెండోవైపు రాసి, బాణాలు రెండు వైపులా పెట్టండి. ఆ గీత గీసేటప్పుడే ఈ ముడి ఎంత గట్టిదో చేతికి తెలుస్తుంది.

చార్టు: అసలు పని ఇదే

పెద్ద చార్ట్ పేపర్ తీసుకుని మూడు గళ్లు గీయండి. వాటికి పేర్లు మన తర్కశాస్త్రంలోనే సిద్ధంగా ఉన్నాయి: ప్రత్యక్షం, శబ్దం, అనుమానం. తెరమీద కళ్లతో చూసింది ప్రత్యక్షం. ఒక పాత్ర చెప్పగా విన్నది శబ్దం. ఈ రెంటి నుంచి మనం తీసింది అనుమానం, అంటే సందేహం అని కాదు, ఊహించి తేల్చింది అని. ప్రతి వాక్యం పక్కనా సీజన్, ఎపిసోడ్, నిమిషం రాయాలి. స్క్రీన్‌షాట్లు తీసి గ్రూపులో పెడదామనుకుంటే కాపీ రక్షణ వల్ల చాలాసార్లు నల్లటి బొమ్మే వస్తుంది, కాబట్టి నిమిషం రాసుకోవడమే దారి.

శబ్దం గడిలో జాగ్రత్త చాలా కావాలి. ఆప్తుడి మాటే ప్రమాణం అన్నారు పెద్దలు. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ‘డార్క్’లో ఆడమ్ (ముసలి జోనాస్), ఈవా (ముసలి మార్తా), క్లాడియా ముగ్గురూ అవసరం కోసం అబద్ధాలాడినవాళ్లే. అందుకని ప్రతి మాట పక్కనా ఎవరు, ఎవరితో, ఏం సాధించుకోవడానికి అన్నారో రాయండి. ప్రళయం వచ్చిన క్షణంలో కాలం రెప్పపాటు ఆగుతుందని, ఆ సందులో కార్యకారణాల గొలుసు తెంచవచ్చని ఆడమ్‌కు చెప్పేది క్లాడియా. అది శబ్దం. అయితే జోనాస్‌ను ఒకసారి మార్తా వచ్చి తీసుకెళ్లడం, ఇంకోసారి రాకపోవడం రెండూ మనం చూస్తాం. ఆ ప్రత్యక్షం తోడైంది కాబట్టి క్లాడియా మాటకు బలం వచ్చింది. ఇలా గళ్ల మధ్య బాణాలు గీయాలి.

ఇక్కడ దాదాపు ప్రతి బృందమూ చేసే తప్పు ఒకటుంది. ‘జోనాస్, మార్తా అసలు పుట్టనే లేదు’ అని ప్రత్యక్షం గడిలో రాసేస్తారు. మళ్లీ వేసి చూడండి. మనకు కనిపించేది వాళ్లిద్దరి ఒళ్లు వెలుగు రేణువులుగా విడిపోయి కరిగిపోవడం. తర్వాత వానరాత్రి భోజనాల బల్ల చుట్టూ రెజీనా, హన్నా, కతరీనా, ఇంకా కొందరు కనిపిస్తారు. కనిపించని వాళ్లెవరో లెక్కపెట్టి, వాళ్లు ఆ చుట్టరికాల ముడిలోంచి పుట్టినవాళ్లని గుర్తుపట్టి, ‘అందుకే వాళ్లిక్కడ లేరు’ అనుకుంటాం. అది అనుమానమే. చాలా గట్టి అనుమానం, నిజమే. అయినా దాని చోటు మూడో గడి. అదే బల్ల దగ్గర దీపాలు రెపరెపలాడతాయి, హన్నా వేలాడుతున్న పసుపు రెయిన్‌కోటు వంక చూస్తుంది, కాసేపయ్యాక పుట్టబోయే బిడ్డకు జోనాస్ అన్న పేరు బాగుంటుందంటుంది. పేరు వినబడింది, అంతవరకే ఖాయం. ‘జోనాస్ తిరిగొస్తున్నాడు’ అనేవాళ్లను వంశవృక్షం దగ్గరికి తీసుకెళ్లండి. ఆ లోకంలో మికెల్ లేడు. పేరు అదే అయినా తండ్రి వేరు, కాబట్టి బిడ్డ వేరు.

ఒక చిన్న చిక్కు కూడా వస్తుంది: తెరమీద పడే అక్షరాలు ఏ గడిలోకి వెళ్లాలి? 1993లో ‘క్వాంటమ్ లీప్’ నాయకుడు ఇక ఇంటికి చేరలేదన్న సంగతి చివర్లో నల్లటి తెరమీద ఒక్క వాక్యంగా వేశారు, అతని ఇంటిపేరులో అక్షరదోషంతో సహా. మా లెక్కన అది శబ్దం. చెప్పింది పాత్ర కాదు, తీసినవాళ్లు.

వాదన నడిపే తీరు

రాగానే ఒక్కొక్కరి చేత చీటీ రాయించండి: ముగింపు నచ్చిందా లేదా, ఒకే వాక్యంలో ఎందుకు. పేరు అక్కర్లేదు, కానీ తర్వాత పోల్చడానికి ఎవరికి వారు ఒక గుర్తు వేసుకోవాలి. చీటీలు డబ్బాలో వేసి మూసేయండి. ఇది ముందే చేయకపోతే పెద్ద గొంతున్న మొదటి మనిషి మాట వైపే తక్కినవాళ్లు ఒరుగుతారు.

మొదటి ప్రశ్నకు గంటన్నర ఇవ్వండి. ఎవరైనా ఎదుటివాళ్లను ఖండించే ముందు పూర్వపక్షం చెప్పాలి, అంటే ఎదుటివాళ్ల వాదాన్ని తన నోటితో తిరిగి చెప్పి ‘అవును, నేనన్నది అదే’ అనిపించుకోవాలి. అనిపించుకోలేకపోతే 3 నిమిషాల గడియారం మొదలవదు. ఈ ఒక్క నియమంతో గొడవల్లో పెద్ద భాగం పోతుంది, ఎందుకంటే వాటిలో ఎక్కువ ఎదుటివాడు అనని మాట మీద జరిగేవే. రెండో నియమం వితండం మీద. తన సిద్ధాంతం ఏదీ చెప్పకుండా ఇతరుల వాదం కూల్చడమే వితండం. ‘ఇది కాదు’ అన్నవాళ్లు ‘మరి ఇది’ అని కూడా చెప్పాలి.

అందరూ చివరికి చేరేది ఒకే ప్రశ్న దగ్గరికి: జోనాస్, మార్తా లేకుండా పోతే 1971లో వంతెన దగ్గర కారు ఆపిందెవరు? కారు ఆగబట్టే గడియారాలు చేసే టాన్‌హౌస్ కొడుకు మారెక్, కోడలు సోన్యా, మనవరాలు బతికారు. వాళ్లు బతికారు కాబట్టి టాన్‌హౌస్ కాలయంత్రం చేయలేదు. యంత్రం లేదు కాబట్టి జోనాస్ లోకం, మార్తా లోకం అంటూ రెండు లోకాలూ చీలలేదు. మరి ఆపినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? దీనికి మూడు దారులుంటాయి. ఆగిన కాలపు సందులోంచి వచ్చారు కాబట్టి గొలుసు వాళ్లను అంటదనేది ఒకటి. టాన్‌హౌస్ ఉన్న మూల లోకం వేరు, అక్కడ జరిగినది వీళ్ల లోకాలను తుంచగలదు గానీ తాను వెనక్కి తిరిగి మారదనేది రెండోది. మూడో సీజన్‌లో వచ్చే ష్రోడింగర్ పిల్లిని పట్టుకుని, రెండు స్థితులూ ఒకేసారి నిజమనేది మూడోది. మాకు రెండోది బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే మూల లోకంలో చక్రం తిరిగినట్టు సిరీస్ ఎక్కడా చూపదు. అయితే దాన్ని ఒప్పుకునే ముందు మారెక్ ఇంటికి తిరిగొచ్చి తండ్రితో అనే ప్రతి మాటా మళ్లీ విని చార్టు మీద రాయండి. వంతెన దగ్గర జరిగింది ఆ లోకంలో జరిగినట్టే మిగిలిందా అన్నది అక్కడ తేలాలి.

ఈ దశలో ఎవరో ఒకరు అసలు భౌతికశాస్త్రం తెస్తారు. వినండి, కానీ చార్టు మీద రాయకండి. సిరీస్‌ను కట్టిపడేసేది అది తనకు తాను పెట్టుకున్న సూత్రాలే: 33 ఏళ్ల చక్రం, జరిగినదే మళ్లీ జరగడం.

టీ ఇక్కడ ఇవ్వండి, ముందు కాదు. పునుగులు గానీ మిరపకాయ బజ్జీలు గానీ చార్టు దగ్గరికి రానీయకండి. నూనె వేలు ఒక్కటి పడినా ఆ చోట స్కెచ్ పెన్ను పారదు, పక్కన రాసిన నిమిషాల అంకెలు పోతాయి. పునుగులు చల్లారితే సాగుతాయి కాబట్టి విరామానికి పది నిమిషాల ముందే ఒకరిని బండి దగ్గరికి పంపండి.

రెండో ప్రశ్నకు 40 నిమిషాలు చాలు. హన్నా చెప్పే కలలో చీకటి పడి లోకం అంతమైపోతుంది, అది ఆమెకు హాయిగా తోస్తుంది. ఆ కల నుంచి మొదలుపెడితే మాట దారి తప్పదు.

బాగుందా అన్నదానికి అరగంట. కొలత ఒక్కటే: మొదట ఇచ్చిన మాట చివర నిలిచిందా? ‘మూడో లోకం సంగతి ఆఖరి ఎపిసోడ్‌లో ఊడిపడింది’ అన్నది ‘డార్క్’ మీద న్యాయమైన అభియోగం. మూడు కొసలు ముడిపడిన గుర్తు మొదటి సీజన్ నుంచే కనిపిస్తోంది కదా అన్నది జవాబు. గుర్తు చూపడం, సూత్రం చెప్పడం ఒకటేనా అన్నది మీరు తేల్చుకోవాలి. 2009లో ముగిసిన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ మీద కూడా ఇదే తగవు. స్టార్‌బక్ ఉన్నట్టుండి మాయమైంది, కథ 1,50,000 ఏళ్లు ముందుకు దూకింది, అన్నీ దేవుడి మీదకు నెట్టారు అన్నారు. కానీ బాల్టర్‌కు కనిపించే స్త్రీ మొదటి సీజన్ నుంచే దేవుడి మాట చెబుతూనే ఉంది. నచ్చకపోవడం వేరు, మాట తప్పడం వేరు. ఆ తేడా చెప్పగలిగినవాళ్ల తిట్టుకు విలువుంది.

చివర్న మళ్లీ చీటీలు రాయించి డబ్బాలోవాటితో జత చేయండి. ఓటు మారినవాళ్లకంటే, ఓటు అలాగే ఉండి కారణం మారినవాళ్ల చీటీలు పైకి చదవండి. తేలని ప్రశ్నలు చార్టు వెనక రాసి, ఒక్కోదాని పక్కన ఏ ఎపిసోడ్ మళ్లీ చూడాలో, ఎవరు చూసి రావాలో రాయండి. చార్టు మడిస్తే మడత దగ్గర రాత చెరుగుతుంది. చుట్టి రబ్బరు బ్యాండు వేసి, వచ్చేసారి ఎవరింట్లో కూర్చుంటారో వాళ్ల చేతికివ్వండి.