బంకమట్టి పెరట్లో వానల ముందు కూరపాదులు

విజయనగరం వైపు చెరువు కింద బంకమట్టి పెరడు ఉన్నవాళ్లు మే నెల గాలివాన పడగానే పార పట్టుకుని దిగిపోకండి, తడి మట్టిని తొక్కితే గట్టిపడి ఇటుకైపోతుంది, తర్వాత వేరు దిగదు. గుప్పెడు మట్టి ఉండ చేసి బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతేనే తవ్వాలి, సాగితే ఇంకా ఆగాలి.

అడుగు ఎత్తున మడులు పోసి, రెండు చేతులు అందేంత వెడల్పు ఉంచి, మడికీ మడికీ మధ్య నీరు పోయే కాలువ తీయండి, అసలు పని ఇదే. మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, ధారాళంగా కలపండి, పచ్చిది వద్దు. ఇసుక పోయమని చాలామంది చెప్తారు గానీ, కొంచెం ఇసుకతో ఆ మట్టి ఇంకా బిగుస్తుంది.

బెండ, ఆనప విత్తనాలు మడి మీదే పెట్టొచ్చు. వంగ, మిరప నారుకి మాత్రం నీరు నిలిస్తే వేరు కుళ్లు ఖాయం. పైన ఎండుగడ్డి పరిస్తే వాన దెబ్బకి మట్టి పైపొర బిగుసుకోదు.