దసరా, దీపావళికి దిగుమతి గ్యాడ్జెట్లు: సరుకు ఎత్తే ముందు జాగ్రత్తలు

దుకాణంలో అమ్మడానికి సరుకు కొంటుంటే, డబ్బు కట్టకముందే పెట్టె వెనక వైపు చదవండి. పవర్ బ్యాంకు, ఛార్జరు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ వాచీ, వీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’ తర్వాత ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. వేరే వస్తువు నంబరు అచ్చేసిన పెట్టెలూ తిరుగుతుంటాయి కాబట్టి బ్రాండు, మోడలు కూడా సరిచూడండి.

దిగుమతిదారు చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల ఫోన్ నంబరు లేకుంటే తూనికలు కొలతల తనిఖీలో ముందు దొరికేది మీరే.

పవర్ బ్యాంకును త్రాసులో వేయండి. 20,000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత) అని రాసి 200 గ్రాములే తూగితే వద్దనేయండి. మంచిది సాధారణంగా 350 గ్రాములకు తగ్గదు. బరువొక్కటే నమ్మొద్దు, లోపల ఇసుక పొట్లం పెట్టి తూకం తెప్పించే ఘనులున్నారు. లాటుకు ఒకదాన్ని నిండా ఛార్జి చేసి, ఎంత ఛార్జి బయటికొచ్చిందో చూపే యూఎస్‌బీ మీటరు పెట్టి ఖాళీ చేయండి. 5 వోల్టుల దగ్గర 12,000 ఎంఏహెచ్ పైన చూపిస్తే సరుకు నిజమైనదే. సెల్లు 3.7 వోల్టులది, వోల్టేజీ పెంచడంలో కొంత పోతుంది, కాబట్టి 20,000 ఎలాగూ రాదు.

ఫోన్లయితే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) చూసి, కేవైఎం అని ఇంగ్లిషులో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. బ్లాక్‌లిస్టు, డూప్లికేటు అని వస్తే ముట్టుకోకండి.

జీఎస్టీ బిల్లు లేని సరుకుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు) రాదు. ఆ 18 శాతం పన్ను కలిపి లెక్కేస్తే చవక కాస్తా మాయం.

కొరియర్‌లో లిథియం బ్యాటరీ ఉందని దాచకండి. విమానం దగ్గర ఆపేస్తే పార్సిల్ పండగ దాటాకే చేరుతుంది. రోడ్డు మార్గంలో పంపి, ఆ మేరకు ఆర్డర్లు తీసుకోవడం ముందే ఆపండి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయండి, లేకపోతే మీరు అమ్మినది కాక వేరే పీసు వాపసు వస్తుంది.