మంచాన పడిన పెద్దవారికి ప్రభుత్వ సాయం: ఏ పరిమితి ఎక్కడ ఆగుతుందో ఎలా తెలుసుకోవాలి

పక్షవాతం వచ్చిన మా అత్తగారిని విజయవాడలోని ఒక ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చిన రోజున మా ఇంట్లో అందరికీ ఒకటే ధైర్యం: చేతిలో 70 దాటినవారికి ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఉంది, 5 లక్షల రూపాయల వరకు దిగులు లేదు. మూడు వారాల తరువాత ఆయా జీతం, ఫిజియోథెరపీ, డైపర్ల రసీదులు పట్టుకొని ఆసుపత్రిలో ఇటువంటి పథకాల పని చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరకు వెళ్లినప్పుడు గాని, అందులో ఒక్క రసీదు కూడా ఆ 5 లక్షల లెక్కలోకి రాదని మాకు తెలియలేదు. ఆ తెలియనితనం వలన మేము పోగొట్టుకున్నది డబ్బు కంటే ముఖ్యంగా సమయం. ఇతర కుటుంబాలు ఆ పొరపాటు చేయకుండా ఉండాలని, మేము ఆలస్యంగా నేర్చుకున్న క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ పథకం గురించి విన్నా, ఎంత ఇస్తారన్న ప్రశ్నకు ముందు ఆ సొమ్ము ఎవరి పేరున ఉంది, ఎంత కాలానికి ఉంది, ఏ ఖర్చుకు వర్తిస్తుంది అన్నది తెలుసుకోవాలి. వేర్వేరు పథకాల అంకెలను కలిపి మొత్తం వేయడం వలననే చాలా ఇళ్లలో లెక్క తప్పుతున్నది.

ముందుగా పెద్ద అంకెను చూద్దాం. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను ఇస్తుంది. ఆధార్‌లో ఉన్న వయసునే ప్రమాణంగా తీసుకుంటారు కనుక, పుట్టిన సంవత్సరం తప్పుగా పడి ఉంటే జబ్బు రాకముందే సరిచేయించుకోవడం మంచిది. ఈ 5 లక్షలు మనిషికి కాదు, కుటుంబానికి: ఇంట్లో 70 దాటిన భార్యాభర్తలిద్దరూ ఉంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. ఆ కుటుంబానికి ఇంతకుముందే ఆయుష్మాన్ భారత్ కింద అర్హత ఉంటే, పెద్దవారికోసం ఇచ్చే ఈ 5 లక్షలు దానికి అదనం. ఇంట్లోని చిన్నవారు దీనిని వాడుకోలేరు. వాడకుండా మిగిలిన సొమ్ము తరువాతి ఏడాదికి కలవదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉన్న విశ్రాంత ఉద్యోగులు దానినో దీనినో ఒకదానినే ఎంచుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవారికి మాత్రం ఆ ఇబ్బంది లేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ పథకం ఆసుపత్రిలో చేరవలసిన జబ్బులకు మాత్రమే ఉద్దేశించినది. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, మందులు, డిశ్చార్జి తరువాత 15 రోజుల మందులు, పరీక్షలు ఇందులో కలిసి ఉంటాయి. ఆపైన కార్డులో 4 లక్షలు మిగిలి ఉన్నా అవి ఇంటి ఖర్చుకు రావు. ఆయా, ఇంటికి వచ్చే నర్సు, గాలి పరుపు, ముక్కు గొట్టం ద్వారా పోసే ఆహారం, ఇవేవీ దీని పరిధిలోనివి కావు. కాబట్టి డిశ్చార్జి రోజున అడగవలసినవి రెండు: ఈ 15 రోజులకు రాసిన మందులన్నీ ఆసుపత్రే ఇస్తుందా, ఈ గడువులో చేయించవలసిన పరీక్షలు ఏవి. మాకు ఈ సంగతి తెలియక ఆ మందులలో సగం బయట దుకాణంలో కొన్నాము.

ఇక ఇంటి ఖర్చుకు నేరుగా చేతికి వచ్చేది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను ఒక్కటే. 2024 జూలై 1 నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000, దివ్యాంగుల పింఛను 6,000, పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైన వారికి 15,000 రూపాయలుగా ఉన్నది. ఒకే మనిషికి రెండు పింఛన్లు రావు. 4,000 తీసుకుంటున్నవారు మంచాన పడితే ఆ 4,000కు 15,000 కలవదు, విభాగం మారాలి.

ఈ మార్పు ఎంత విలువైనదో ఒక ఊహా లెక్కతో చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో ఆయాకు నెలకు 15,000, ఫిజియోథెరపీకి 6,000, మందులు, డైపర్లకు 5,000, మొత్తం 26,000 రూపాయలు ఖర్చవుతున్నదనుకుందాం. పింఛను 4,000 అయితే కుటుంబం నెలకు 22,000 భరించాలి. 15,000 అయితే 11,000 చాలు. ఏడాదికి తేడా 1,32,000 రూపాయలు. అందుకే, డిశ్చార్జి కాగితాలు చేతికి వచ్చిన వారంలోనే వార్డు సచివాలయానికి వెళ్లి, వైద్యులు వైకల్యాన్ని పరీక్షించి ధ్రువీకరించే సదరం శిబిరానికి స్లాటు గురించి అడగండి. సదరం సర్టిఫికెట్టు వచ్చాక దానిలో వైకల్య శాతాన్ని మాత్రమే చూసి ఊరుకోకూడదు, తాత్కాలికమని రాశారా, శాశ్వతమని రాశారా అన్నది కూడా చదవాలి; 2025లో పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు చాలామందికి ఆ మాటే కీలకమైంది. మంచం కదలలేని మనిషి తరఫున తిరగవలసింది మీరే కనుక, స్కానింగు నివేదికలు, డిశ్చార్జి సమ్మరీ నకళ్లు ఒకే ఫైలులో ఉంచుకోండి.

పింఛనుకు ఇంకొక రకం పరిమితి ఉంది, అది మీకు వచ్చే సొమ్ముకు కాదు, మీ ఇంటి స్థితికి పెట్టినది. కుటుంబ ఆదాయం పట్టణంలో నెలకు 12,000, గ్రామంలో 10,000 రూపాయలు మించకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలలోపు ఉండాలి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపు ఉండాలి. సొంత కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను చెల్లింపు ఉన్న ఇళ్లకు అర్హత ఉండదు. ఈ లెక్కలో కుటుంబమంటే సచివాలయంలోని హౌస్‌హోల్డ్ మ్యాపింగులో ఒకటిగా నమోదైనవారు. పెళ్లయి ఎప్పుడో వేరు పడిన కొడుకు పేరు ఇంకా తల్లి పేరుతోనే ఉంటే, అతని కారు ఆమె పింఛనుకు అడ్డుపడుతుంది. అద్దెకున్నవారి మీటరు ఇంటి యజమానురాలి ఆధార్‌కు ముడిపడి ఉన్నా ఇదే చిక్కు. దరఖాస్తుకు ముందే ఈ వివరాలు చూపించమని అడగడం మీ హక్కు, నిజంగా వేరుగా ఉంటే వేరు చేయించుకోవడం న్యాయం.

పరికరాలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, లేదా నెల ఆదాయం 15,000 రూపాయలు మించని 60 దాటినవారికి చక్రాల కుర్చీ, వాకరు, వినికిడి యంత్రం వంటివి శిబిరాలలో ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడో తెలుసుకోవడానికి పెద్దల హెల్ప్‌లైను 14567కు ఫోను చేయవచ్చు.

చివరగా గడువుల సంగతి. పింఛనును ఒకటవ తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. పెద్దవారిని కొంతకాలం హైదరాబాదులోని కూతురి ఇంటికి తీసుకువెళ్లి రెండు నెలలు అందుకోలేకపోతే, మూడవ నెలలో ఆ బకాయితో కలిపి తీసుకోవచ్చు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లారని భావించి నిలిపివేస్తారు, మళ్లీ దరఖాస్తు చేసుకోవలసి వస్తుంది. ప్రయాణం పెట్టుకున్నప్పుడు మూడవ నెల ఒకటవ తేదీకి వారు విజయవాడలోనో గుంటూరులోనో తమ ఇంట్లో ఉండేలా తిరుగు టిక్కెట్టు ముందే తీసుకోండి.