వాడిన ఆయిల్లో ఇనుప రజను: అయస్కాంతంతో పట్టి, త్రాసుతో తూచే పద్ధతి

ఆయిలు తీసే డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి పేరుకున్న నల్లటి ముద్దను గుడ్డతో తుడిచేసి "మామూలే" అనడం ఏ షెడ్డులోనైనా ఉన్నదే. చాలాసార్లు అది నిజంగా మామూలే. ఎప్పుడు కాదో చెప్పాలంటే మాత్రం రెండు సంగతులు తెలియాలి: అందులో ఇనుము ఎన్ని మిల్లీగ్రాములుంది, ఆ రేణువుల ఆకారం ఏమిటి. అనంతపురం ట్రాక్టరు షెడ్డులోనైనా, తాడిపత్రి పాలిషింగ్ ఫ్యాక్టరీలోనైనా, బోరు బండి కంప్రెసర్ పక్కనైనా ఈ రెండూ మనమే తేల్చుకోవచ్చు. కావలసినవి పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు ఒకటి, 20 మి.మీ. వెడల్పు 5 మి.మీ. మందం ఉన్న బిళ్ల నియోడిమియం అయస్కాంతం ఒకటి, గాజు స్లైడ్లు, 0.01 గ్రాము దాకా చూపే జేబు త్రాసు, అర లీటరు డీజిలు, కొంచెం థిన్నరు.

గాజు మీద రేణువులను వరసగా పేర్చి చూసే పద్ధతిని ఫెర్రోగ్రఫీ అంటారు. సీఫర్ట్, వెస్ట్‌కాట్ అనే ఇద్దరు 1972లో దీన్ని ప్రచురించారు. త్రాసు పద్ధతి అంతకంటే పాతది, పదార్థాల అయస్కాంత గుణాన్ని కొలవడానికి ప్రయోగశాలల్లో వాడే ఉపాయమే.

ముందు ఒక్క విషయం: బలం కాదు, వాలు

అయస్కాంతం ఎంత బలమైనదన్నది సగం సంగతే. క్షేత్రం అన్ని వైపులా ఒకేలా ఉంటే రేణువు తానూ చిన్న అయస్కాంతమవుతుంది గాని ఎటూ కదలదు. ఒకచోట ఎక్కువ, పక్కన తక్కువ ఉంటేనే ఎక్కువున్న వైపుకు జారుతుంది. నీళ్లు పారాలంటే నేలకు వాలు కావాలి కదా, ఇదీ అంతే. అందుకే అయస్కాంతం నడిమి కంటే అంచు బాగా పడుతుంది, రెండు ధ్రువాలు కలిసే చోటు ఇంకా బాగా పడుతుంది. హార్డ్ డిస్కు అయస్కాంతంలో ఒకే ముఖం మీద సగం ఉత్తరం, సగం దక్షిణం ఉంటాయి. దాని మీద కాగితం వేసి లేతు రజను చల్లి చూడండి, మధ్యలో గీత గీసినట్టు నిలబడుతుంది. మన పనంతా ఆ గీత మీదే. అయస్కాంతాన్ని దాని ఇనుప పట్టీ నుంచి ఊడదీయకండి. ఊడదీస్తే పైపూత పెచ్చులు లేస్తుంది, పైగా వెనక పట్టీ ఉంటేనే ముందు వైపు లాగుడు ఎక్కువ.

రెండో సంగతి, లాగే బలం రేణువు ఘనపరిమాణాన్ని బట్టి, ఆయిలు అడ్డుకునే బలం దాని వ్యాసాన్ని బట్టి ఉంటాయి. కాబట్టి సైజు రెండింతలైతే వేగం నాలుగింతలు. బిళ్లకు 5 మి.మీ. దూరంలో, మూడు వంతుల్లో రెండు వంతులు డీజిలు కలిపిన ఆయిల్లో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) రేణువు సెకనుకు సుమారు 4 మి.మీ. కదులుతుందని లెక్క తేలుతుంది. 1 మైక్రాన్ రేణువుకు ఆ 5 మి.మీ. దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. డీజిలు కలపని చిక్కటి ఆయిల్లో అయితే అదే దూరానికి పావుగంట దాటుతుంది. "అయస్కాంతం ముంచాం, ఏమీ రాలేదు" అనేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే: ఆయిల్ని పలచన చేయరు, ఆగరు.

నమూనా తీయడం

బండి వేడెక్కేదాకా నడిపి, ఆపిన పావుగంటలోపు తీయాలి. రాత్రంతా నిలిచిన ఆయిల్లో పెద్ద రేణువులు సంపు (కింద ఆయిలు నిలిచే తొట్టి) అడుగుకు దిగిపోతాయి. బోల్టు విప్పాక మొదటి అర లీటరు వదిలేసి, ధార మధ్యలో సీసా పట్టాలి. సీసాను ముందే డీజిలుతో కడిగి ఆరబెట్టి ఉంచుకోండి. మన ఎర్రనేల దుమ్ములోనూ అయస్కాంతానికి అంటే నల్ల రేణువులు ఉంటాయి, నోరు తెరిచి పెట్టిన సీసాలో అవి చేరితే ఇంజనుది కాని తప్పు ఇంజను మీద పడుతుంది. సీసా మీద తేదీతో పాటు, ఆయిలు పోశాక బండి ఎన్ని గంటలు తిరిగింది, మధ్యలో ఎంత కొత్త ఆయిలు కలిపారు అన్నవీ రాయాలి. ఆ రెండు అంకెలు లేకపోతే తర్వాత వచ్చే ఏ కొలతకూ అర్థం ఉండదు.

తూచడం

సీసాను రెండు నిమిషాలు గట్టిగా కుదిపి, వెంటనే 100 మి.లీ. కొలిచి గాజు జాడీలో పోసి, 200 మి.లీ. డీజిలు కలపండి. బిళ్ల అయస్కాంతాన్ని రబ్బరు గ్లౌజు వేలిలో దూర్చి, ఆ వేలితో పది నిమిషాలు మెల్లగా కలపండి. ఒట్టి అయస్కాంతం మాత్రం ముంచొద్దు, దానికి అంటిన రజను జన్మలో ఊడదు. తీసి కారనిచ్చి, శుభ్రమైన డీజిల్లో ఒకసారి, థిన్నరులో రెండుసార్లు ముంచి కడగండి. తర్వాత వేలిని చిన్న ప్లాస్టిక్ మూత పైన పట్టుకుని లోపలి అయస్కాంతాన్ని బయటికి లాగితే రజను మూతలో రాలుతుంది. రబ్బరుకు మిగిలినదాన్ని నాలుగు చుక్కల థిన్నరుతో మూతలోకే దించి ఆరబెట్టండి. అదే జాడీలో మళ్లీ పది నిమిషాలు కలిపి, వచ్చిన రజనును వేరే మూతలో తూచండి. అది మొదటిదాంట్లో పదో వంతు కంటే ఎక్కువుంటే ఇంకోసారి కలపాలి. చివరికి అన్నీ కూడాలి.

100 మి.లీ. ఆయిలు సుమారు 88 గ్రాములుంటుంది. పది లక్షల వంతుల్లో 50 వంతులు ఇనుమున్నా, చేతికి వచ్చేది 4.4 మిల్లీగ్రాములే. ప్రొద్దుటూరు బంగారం కొట్లలోని మిల్లీగ్రాము త్రాసు మీద పెట్టినా అంత నమ్మకంగా తెలియదు, ఎందుకంటే ఆరని ఆయిలు, మసి కూడా బరువులో కలుస్తాయి. అందుకే రజనును తూచకుండా, రజను అయస్కాంతాన్ని ఎంత లాగుతుందో తూస్తాం. మసికి ఆ లాగుడు లేదు.

అమరిక ఇది. జేబు త్రాసు మీద 12 నుంచి 15 సెం.మీ. ఎత్తున్న తేలికపాటి ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, దాని నెత్తిన బిళ్ల అయస్కాంతాన్ని అంటించండి. బిళ్ల బరువు సుమారు 12 గ్రాములు. ఎత్తు తక్కువైతే త్రాసులోని ఇనుప భాగాలనే అది లాగి, అంకె నిలవనీయదు. త్రాసుకు రెండు వైపులా ఇటుకలు పేర్చి, వాటి మీద గాజు పలకను వంతెనలా వేయండి. మూతను పలక మీద పెట్టినప్పుడు మూత అడుగుకూ అయస్కాంతానికీ మధ్య 5 మి.మీ. ఉండాలి. పలక త్రాసును గాని అయస్కాంతాన్ని గాని తాకకూడదు. కింద నాపరాయి బండ ఉంటే మంచిది, కదలదు, సున్నపురాయి కాబట్టి అయస్కాంతానికి పట్టదు. ఇనుప టేబులు వద్దు.

ఖాళీ మూత పెట్టి త్రాసును సున్నా చేయండి. ఇప్పుడు రజనున్న మూత పెడితే, రజను అయస్కాంతాన్ని పైకి లాగుతుంది కాబట్టి అంకె మైనస్‌లోకి వెళ్తుంది. ఈ బిళ్లతో, ఈ దూరంలో, 1 మిల్లీగ్రాము ఇనుము సుమారు 0.1 గ్రాము తేడా చూపాలని లెక్క. అంటే తన బరువుకు వందింతలు! నాలుగు వందల రూపాయల త్రాసు మీద మిల్లీగ్రాములో పదో వంతు కనబడటం అందుకే.

లెక్క లెక్కే, మీ అమరిక అంకె మీరే తేల్చుకోవాలి. లేతు దగ్గరి బీడు (పోత ఇనుము) రజనును పలచటి గుడ్డలో జల్లించి, 100 మిల్లీగ్రాములు బంగారం త్రాసు మీద తూపించండి. దాన్ని 10 గ్రాముల వాజలీన్‌లో బాగా కలపండి. అందులోంచి 1 గ్రాము తీసి ఇంకో 9 గ్రాముల వాజలీన్‌లో కలిపితే, రెండో ముద్దలో గ్రాముకు 1 మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మొదటి ముద్దలోంచి అర గ్రాము, రెండోదాంట్లోంచి 1, 2 గ్రాములు తీసి, అదే రకం మూతల్లో పలచగా పరిచి చూడండి. 5, 1, 2 మిల్లీగ్రాములకు వచ్చిన అంకెలు గీతల కాగితం మీద దాదాపు ఒకే గీత మీద పడాలి. వాజలీన్ మందంగా పరిస్తే పైనున్న రజను దూరమై తక్కువ చూపుతుంది, అందుకే మూత వెడల్పుగా ఉండాలి.

ఒక లెక్క చూద్దాం. మీ అమరిక మిల్లీగ్రాముకు 0.095 గ్రాము చూపుతోంది, నమూనా 0.42 చూపింది. 0.42ను 0.095తో భాగిస్తే 4.4 మిల్లీగ్రాములు. 88 గ్రాముల ఆయిల్లో అంత ఉందంటే కిలోకు 50 మిల్లీగ్రాములు.

అంకె తప్పడానికి మొదటి కారణం దూరం. 5 మి.మీ. కాస్తా 6 అయితే లాగుడు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పలక ఎత్తును ప్రతిసారీ అదే ప్లాస్టిక్ ముక్క దూర్చి సరిచూడండి. రెండోది ఫ్యాను గాలి. మేలో కర్నూలు ఎండకు ఫ్యాను ఆపడం శిక్షే గాని, తూచే రెండు నిమిషాలు తప్పదు. మూడోది జేబులో ఉన్న తాళాలు, చేతి గడియారం, పక్కన పెట్టిన పానా. నాలుగోది డీజిలే: డ్రమ్ము తుప్పు అందులో ఉంటుంది. ఆయిలు లేకుండా 200 మి.లీ. డీజిలు ఒక్కదానితో ఇదే తంతు నడిపి, వచ్చిన అంకెను ప్రతి కొలత నుంచి తీసేయాలి. ఇది చేయనివాళ్ల కొలతలు నమ్మడం కష్టం.

ఎర్ర తుప్పు ఈ త్రాసుకు దాదాపు కనబడదు. నీళ్లు దిగిన గేర్‌బాక్సులో అంకె తక్కువొచ్చిందని నిశ్చింతగా ఉండకండి. రాగి, అల్యూమినియం, తెల్ల మెటలు (బేరింగుల మెత్తటి లోహం) సంగతి చెప్పక్కర్లేదు.

స్లైడు మీద చూడడం

ఎంత అన్నది త్రాసు చెప్పింది, ఏది అన్నది గాజు చెబుతుంది. 75 మి.మీ. స్లైడు మధ్యభాగం హార్డ్ డిస్కు అయస్కాంతం గీత మీదికి, పొడవు వెంబడి వచ్చేలా పెట్టండి. ఒక కొన కింద రెండు అగ్గిపుల్లలు దూర్చితే 3 డిగ్రీల వాలు వస్తుంది. ఎత్తు కొన వైపు క్షేత్రం బలహీనం కాబట్టి పెద్ద రేణువులు అక్కడే ఆగి, చిన్నవి కిందికి పోయి పడతాయి. స్లైడు మీద గోళ్ల రంగుతో రెండు అంచులు గీస్తే ఆయిలు పక్కకు పోదు.

1 మి.లీ. ఆయిలుకు 3 మి.లీ. డీజిలు కలిపి, సిరంజితో ఎత్తు కొన నుంచి పది పన్నెండు నిమిషాల్లో చుక్క చుక్కగా వదలండి. ఆ వెనకే 3 మి.లీ. థిన్నరు అదే దారిలో పోనిచ్చి ఆరనివ్వండి. స్లైడును పక్కకు జరపకుండా నేరుగా పైకి ఎత్తాలి. జరిపితే వరసలు చెదిరి అంతా ముద్దవుతుంది.

చూసేటప్పుడు వెలుతురు పైనుంచి, ఏటవాలుగా పడాలి. స్కూలు మైక్రోస్కోపులో అద్దం వెలుతురు ఒక్కదానితో చూస్తే లోహం నల్ల నీడలానే ఉంటుంది. పైనుంచి కొట్టే టార్చికి ఎర్ర జిలుగు కాగితం, కింది అద్దానికి ఆకుపచ్చది కడితే లోహం ఎర్రగా, ఇసుక ఆకుపచ్చగా విడిపోతాయి. 100 రెట్లు చాలు, 400 ఉంటే ఇంకా మంచిది.

గీతకు అడ్డంగా గొలుసుల్లా నిలబడినవి ఇనుము. సన్నటి, నున్నటి, 15 మైక్రాన్ల లోపు పొరలు మామూలు అరుగుదల. లేతు చిప్పులా సుడి తిరిగినవి కనబడితే ఏదో గట్టి వస్తువు కోస్తోంది, మన రోడ్ల మీద అది ఎక్కువగా ఎయిర్ క్లీనరు దాటి వచ్చిన ఇసుకే. పక్కనే ఆకుపచ్చ గుళ్లు ఉన్నాయేమో చూడండి. గీరలున్న పెద్ద రేకులు నూనె పొర తెగి లోహం లోహాన్ని రాసుకున్న గుర్తు. మందపాటి పెళ్లలు, వాటితో పాటు గుండ్రటి బంతులు కూడా ఉంటే బేరింగో గేరు పన్నో అలసి పెచ్చులూడుతోంది, ఇక పని మానేసి విప్పడమే. పసుపు పచ్చగా, వరసలో చేరకుండా చెల్లాచెదురుగా పడినవి రాగి బుష్షులవి.

నల్లగా, మెరుపు లేకుండా, కోణాలతో ఉన్న గుళ్లు గొలుసులో దూరితే తొందరపడొద్దు. నల్ల గ్రానైటు కోసే షెడ్లలో రాతి దుమ్ములోని మాగ్నటైటు (అయస్కాంతానికి అంటే ఇనుప ఖనిజం) అచ్చం ఇలాగే పడుతుంది. రెండు స్లైడ్ల మధ్య నొక్కండి: రాయి పొడి అవుతుంది, ఇనుము అణుగుతుంది.

ఏ భాగందో ఇంకా తేలకపోతే స్లైడును 330 డిగ్రీల పెనం మీద 90 సెకన్లు ఉంచుతారు. లైనరు, రింగుల బీడు గడ్డి రంగుకు, క్రాంకు, గేర్ల ఉక్కు నీలానికి తిరుగుతాయి. థర్మామీటరు లేకపోతే పెనం మీద చిటికెడు స్వచ్ఛమైన సీసం పెట్టండి, అది కరిగేది 327 డిగ్రీలకు. బ్యాటరీ సీసం ముందే కరుగుతుంది, పనికిరాదు. ఆరుబయట, థిన్నరు పూర్తిగా ఆరాకే ఈ పని.

అంకెను చదవడం

ఇంత దాటితే ప్రమాదం అని అన్ని బండ్లకూ ఒకే గీత లేదు. రీబోరు చేసిన ఇంజను మొదటి ఆయిల్లో ఎక్కువే వస్తుంది, ట్రాక్టరు గేర్‌బాక్సు ఆయిల్లో ఇంజను కంటే ఎక్కువ రావడం సహజం. అదే బండి, అదే ఆయిలు, దాదాపు అన్నే గంటలు అనుకుంటే మూడు మార్పిళ్లు కొలిచాక దాని మామూలు తెలుస్తుంది. దానికి రెండింతలు వస్తే స్లైడు తీయండి. మధ్యలో రెండు లీటర్లు కొత్త ఆయిలు కలిపి ఉంటే అంకె తగ్గి కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

ల్యాబు రిపోర్టులోని ఇనుము అంకెతో ఇది కలవదు. అక్కడ ఆయిల్ని మంటలో కాల్చి లోహాన్ని కొలిచే పరికరాలు కొన్ని మైక్రాన్ల లోపు రేణువులనే బాగా చదువుతాయి, అయస్కాంతం అంతకంటే పెద్దవాటిని బాగా పడుతుంది. ల్యాబు అంకె కదలకుండా మీ అంకె మాత్రం ఎక్కుతూ పోతుంటే లోపల పెళ్లలు ఊడుతున్నట్టు, ఆ బండిని దుక్కికి పంపే ముందు సంపు విప్పి చూడాలి.