జర్నల్స్‌లో దొరకని రిసెర్చ్‌ని పట్టుకోవడం ఎలా? నల్గొండ ఫ్లోరైడ్ ఉదాహరణతో

నల్గొండ ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు రాస్తున్నారనుకోండి. జర్నల్ పేపర్లకేం కొదవ లేదు గానీ చాలావాటికి డబ్బు కట్టాలి, పైగా ఫలానా ఊళ్లో పెట్టిన ఫిల్టర్ ఎందుకు మూలపడిందో వాటిలో అరుదుగా ఉంటుంది. కాబట్టి వెతికే ముందు, ఇలాంటి సమాచారాన్ని ఎవరు తమ పనిలో భాగంగా రాసి ఉంటారు అని ఆలోచించండి: పీహెచ్‌డీ స్టూడెంటా, భూగర్భ జలాల శాఖా, ఎన్జీవోనా?

మొదట శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ నడిపే ఈ సైట్‌లో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉచితం. ఒక్కో థీసిస్ చాప్టర్‌కో పీడీఎఫ్‌గా ఉంటుంది. చాలామంది ఒకటో చాప్టర్ తెరిచి, ఆ ఉపోద్ఘాతానికి విసుగొచ్చి మూసేస్తారు. మీరు చివర్నుంచి రండి, ఎందుకంటే బిబ్లియోగ్రఫీ (రిఫరెన్సుల జాబితా) ఫైల్లో గూగుల్‌కి కూడా తెలియని డిపార్ట్‌మెంట్ రిపోర్టుల పేర్లు సంవత్సరంతో సహా దొరుకుతాయి, ఇక అనుబంధంలో ఊరివారీ నీటి పరీక్షల పట్టిక ఉందంటే పండగే.

ఆ తర్వాత గూగుల్ అడ్వాన్స్‌డ్ సెర్చ్‌కి వెళ్లి, ఫైల్ రకం పీడీఎఫ్ అని, సైట్ దగ్గర గవ్ డాట్ ఇన్ (gov.in) అని పెట్టండి. కేంద్ర భూగర్భ జల మండలి జిల్లా నివేదికలు ఇలా బయటపడతాయి. 2016కి ముందు సూర్యాపేట, యాదాద్రి కూడా నల్గొండ జిల్లాలోనే ఉండేవి కాబట్టి పాత రిపోర్టుల కోసం కొత్త జిల్లా పేరుతో వెతికితే ఏమీ రాదు.

‘నల్గొండ టెక్నిక్’ అని కూడా కొట్టి చూడండి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఈ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దీన్ని ఇథియోపియా, టాంజానియాల్లోనూ వాడి చూశారు, అక్కడ ఏం ఇబ్బందులొచ్చాయో చెప్పే కాన్ఫరెన్స్ పేపర్లు మనకీ పనికొస్తాయి.

లింకు చచ్చిపోతే ఆ అడ్రస్‌ని పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్ సైట్‌లో పెట్టండి. అక్కడా లేకపోతే ఆర్టీఐ: కేంద్ర ఆఫీసులకైతే ఫీజు 10 రూపాయలు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘ఫ్లోరైడ్ సమాచారం ఇవ్వండి’ అని రాస్తే తిప్పికొడతారు, బిబ్లియోగ్రఫీలో దొరికిన రిపోర్టు పేరు, సంవత్సరం రాసి కాపీ అడగండి.

ఎన్జీవో రిపోర్టు దొరికితే మాత్రం నిధులెవరిచ్చారో ముందు చూడండి. తమ ప్రాజెక్టు ఫెయిలైందని ఎవరూ మొదటి పేజీలో రాసుకోరు, అది లోపల ‘సవాళ్లు’ అనే హెడ్డింగ్ కింద ఉంటుంది.