మిస్ ఇండియా విజేతల లిస్టు తికమక లేకుండా రాసుకోవడం ఎలా

1966లో మిస్ ఇండియా ఎవరు అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకరు రీటా ఫారియా అంటారు, ఇంకొకరు యాస్మిన్ దాజీ అంటారు. ఇద్దరూ చెప్పింది కరెక్టే. క్విజ్ కోసమో, పోటీ పరీక్షల కోసమో, ఊరికే ఇష్టం కొద్దీనో ఈ లిస్టు రాసుకునేవాళ్లు ఇలాంటి చోటే ఆగిపోయి, ఎక్కడో దొరికిన పేర్లన్నీ వరసగా కాపీ కొట్టేస్తారు, ఆ తర్వాత ఏది చూసినా తప్పులాగే కనిపిస్తుంది. అసలు సంగతేంటంటే, మన దేశంలో మిస్ ఇండియా పేరుతో వేర్వేరు సంస్థలు వేర్వేరు కాలాల్లో, కొన్నిసార్లు ఒకే ఏడాదిలో కూడా పోటీలు పెట్టాయి. కాబట్టి పేరు, సంవత్సరం రాసేసి ఊరుకుంటే సరిపోదు.

ఒక నోట్‌బుక్కో ఎక్సెల్ షీటో తీసుకుని విజేత పేరు పక్కన ఐదు గడులు గీయండి: సంవత్సరం, పోటీ పెట్టింది ఎవరు, ఇచ్చిన టైటిల్ ఏంటి, ఆమె ఏ అంతర్జాతీయ పోటీకి వెళ్లింది, అక్కడ ఏమైంది. రెండో గడిని మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు 1966నే నింపి చూడండి. ఈవ్స్ వీక్లీ అనే పత్రిక పెట్టిన పోటీలో గెలిచి రీటా ఫారియా మిస్ వరల్డ్‌కి వెళ్లింది, లండన్‌లో కిరీటం గెలిచింది. ఆసియా నుంచి మిస్ వరల్డ్ అయిన మొదటి అమ్మాయి ఆమే. అప్పటికి మెడిసిన్ చదువుతోంది, ఏడాది పదవీకాలం అయిపోగానే మళ్లీ చదువుకే వెళ్లి డాక్టర్ అయింది. అదే ఏడాది ఫెమినా పత్రిక పోటీలో గెలిచిన యాస్మిన్ దాజీ మిస్ యూనివర్స్‌కి వెళ్లి థర్డ్ రన్నరప్‌గా నిలిచింది. రెండు పత్రికలు, రెండు కిరీటాలు, రెండు వరసలు. చాలా లిస్టుల్లో రీటాని ఫెమినా విజేతల మధ్యలో ఇరికించేస్తుంటారు, అది తప్పు. ఫెమినా వరస 1964లో మెహర్ కాస్టెలినోతో మొదలవుతుంది.

అంతకుముందు వాళ్లని విడిగా, పై పేజీలో పెట్టుకోండి. 1947లో ప్రమీల (అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహాం), 1952లో ఇంద్రాణి రెహమాన్. ప్రమీల కూతురు నఖీ జహాన్ కూడా 1967లో ఈవ్స్ వీక్లీ మిస్ ఇండియా అయింది, తల్లీకూతుళ్లిద్దరికీ ఆ బిరుదు దక్కిందన్నమాట. ఇంద్రాణి గురించి మనం ఇంకా గర్వంగా చెప్పుకోవాలి. అప్పటికే పెళ్లయి, తల్లి కూడా అయిన ఆమె కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగిన మొట్టమొదటి మిస్ యూనివర్స్‌లో పాల్గొంది. కోరాడ నరసింహారావుగారి దగ్గర కూచిపూడి నేర్చుకుని ఆ నాట్యాన్ని దేశం బయట వేదికల మీదికి తీసుకెళ్లిన డ్యాన్సర్ ఆమే. ఇలాంటి వివరం ఒక్కటి పేరు పక్కన రాసుకుంటే మళ్లీ మర్చిపోరు.

ఇక మూడో గడి, అంటే టైటిల్. అందరూ తప్పు చేసేది ఇక్కడే. చాలా కాలం ఫెమినా పోటీలో మొదటి స్థానం వచ్చినవాళ్లని మిస్ యూనివర్స్‌కి పంపేవాళ్లు. 1993లో నమ్రతా శిరోద్కర్ (మన మహేశ్‌బాబు భార్య) అలాగే వెళ్లింది. తర్వాతి ఏడాది, 1994లో, గోవాలో జరిగిన ఫైనల్‌లో సుస్మితా సేన్‌కీ ఐశ్వర్యా రాయ్‌కీ మార్కులు సమానంగా వచ్చాయి. మళ్లీ ఒక్కో ప్రశ్న అడిగి తేల్చారు, సుస్మిత గెలిచింది, ఐశ్వర్య ఫస్ట్ రన్నరప్. ఆ రాత్రి సుస్మిత వేసుకున్న గౌను కథ ఆమే ఓ టీవీ షోలో చెప్పింది: ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో గుడ్డ కొని, పెట్టికోట్లు కుట్టే మామూలు టైలర్‌తో కుట్టించారట, కొత్త సాక్సులు కొని కత్తిరించి గ్లోవ్స్ చేసుకున్నారట. డబ్బున్న డిజైనర్ లేకపోయినా ఆ అమ్మాయి గెలిచిందంటే నాకు ఇప్పటికీ చాలా సంతోషంగా ఉంటుంది. అదే ఏడాది సుస్మిత మనీలాలో మిస్ యూనివర్స్ అయింది, ఐశ్వర్య దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో మిస్ వరల్డ్ అయింది. అంటే 1994 మిస్ ఇండియా ఎవరంటే ఐశ్వర్య అని రాయకూడదు, ఆమె ప్రపంచ కిరీటం తెచ్చిన రన్నరప్.

ఆ తర్వాత టైటిళ్లు విడగొట్టి ఇవ్వడం మొదలైంది, మిస్ ఇండియా యూనివర్స్, మిస్ ఇండియా వరల్డ్ ఇలా. అందుకే 2000కి మూడు వరసలు కావాలి: లారా దత్తా మిస్ యూనివర్స్, ప్రియాంకా చోప్రా మిస్ వరల్డ్, మన హైదరాబాద్‌లో పెరిగిన దియా మీర్జా మిస్ ఏషియా పసిఫిక్. ముగ్గురూ గెలిచి వచ్చారు, అలాంటి ఏడాది మళ్లీ రాలేదు. 1997 మిస్ వరల్డ్ డయానా హేడెన్ పుట్టింది కూడా హైదరాబాద్‌లోనే. 1999 మిస్ వరల్డ్ యుక్తా ముఖీ.

2010 నుంచి ఇంకో మలుపు. మిస్ యూనివర్స్‌కి పంపే హక్కు ఫెమినా పోటీ నుంచి వెళ్లిపోయింది. 2010 నుంచి 2012 దాకా సుస్మితా సేన్ మొదలుపెట్టిన ఐ యామ్ షీ, 2013 నుంచి మిస్ దివా, 2024 నుంచి మిస్ యూనివర్స్ ఇండియా అనే వేరే పోటీ. కాబట్టి 2021లో మిస్ యూనివర్స్ గెలిచిన హర్నాజ్ సంధు ఆ ఏడాది మిస్ దివా విజేత, ఫెమినా మిస్ ఇండియా కాదు. 2017లో మిస్ వరల్డ్ అయిన మానుషీ ఛిల్లర్ మాత్రం ఫెమినా విజేతే. అలాగే 2024కి ఫెమినాలో నికితా పోర్వాల్, మిస్ యూనివర్స్ ఇండియాలో రియా సింఘా, రెండు వేర్వేరు వరసల్లో రాయాలి.

చివరిది సంవత్సరాల లెక్క. టైటిల్ మీద ఉన్న సంవత్సరం, కిరీటం పెట్టిన తేదీ, అంతర్జాతీయ ఫైనల్ తేదీ మూడూ ఒకటే అయి ఉండాలని లేదు. మన తెలంగాణ అమ్మాయి మానసా వారణాసిని చూడండి. ఆమెది ఫెమినా మిస్ ఇండియా 2020, కిరీటం పెట్టింది 2021 ఫిబ్రవరిలో, వెళ్లింది మిస్ వరల్డ్ 2021కి, కోవిడ్ వల్ల వాయిదా పడి ప్యూర్టోరికోలో ఆ ఫైనల్ జరిగింది 2022 మార్చిలో. ఒక్క అమ్మాయికి మూడు సంవత్సరాలు! 2023 విజేత నందినీ గుప్తా కూడా అంతే, ఇంఫాల్‌లో గెలిచి మిస్ వరల్డ్ ఫైనల్‌కి నిలబడింది 2025 మే 31న మన హైదరాబాద్ హైటెక్స్‌లో. అందుకని మొదటి గడిలో టైటిల్ సంవత్సరమే రాయండి, మిగతా తేదీలు చివరి గడిలో బ్రాకెట్‌లో పెట్టండి.

ఓపిక ఉంటే రన్నరప్‌లకి కూడా ఒక గడి కలపండి. 2018లో తమిళనాడు నుంచి అనుకృతి వాస్ గెలిచింది, ఫస్ట్ రన్నరప్ హర్యానా అమ్మాయి మీనాక్షి చౌదరి, ఇప్పుడు మన తెలుగు సినిమాల్లో హీరోయిన్. సెకండ్ రన్నరప్‌గా ఆంధ్రప్రదేశ్ నుంచి శ్రేయా రావు కామవరపు. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభితా ధూళిపాళకి 2013లో దక్కింది మిస్ ఎర్త్‌కి వెళ్లే టైటిల్, ఆ ఏడాది మిస్ ఇండియా వరల్డ్ నవనీత్ కౌర్ ధిల్లాన్. శోభిత పేరు విజేతల వరసలో నేరుగా పెట్టకుండా మూడో గడిలో ఎర్త్ అని స్పష్టంగా రాయండి.